నల్ల ఈగల జాతి నిర్ధారణ

నల్ల ఈగలు సిములిడే కుటుంబానికి చెందిన గూని వీపు కీటకాలు. పారే నీళ్ళలోనే పెరుగుతాయి. 2,300కు పైగా జాతులు నమోదయ్యాయి. రెక్కలొచ్చాక చాలా జాతులు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అందుకే జాతి తేల్చాలంటే ఏట్లోకి దిగి డింభకాన్ని పట్టుకోవాలి.

డింభకం రాయి మీద పట్టుదారంతో చిన్న మెత్త అల్లుకుని, పొట్ట చివరి కొక్కేలను దానికి తగిలించి ప్రవాహంలో ఊగుతూ ఉంటుంది. తల మీది రెండు విసనకర్రలతో కొట్టుకొచ్చే తిండిని వడగడుతుంది. తలపై మచ్చలు, తల అడుగున చీలిక, నోటి కింది పలక అంచున పళ్ళ వరుస దాని ఆనవాళ్ళు. బాగా ముదిరిన డింభకానికి ఛాతీ పక్కన చర్మం కింద నల్లటి ముద్ద కనిపిస్తుంది. అది రాబోయే ప్యూపా మొప్ప. సూదితో విప్పి పోగులు లెక్కపెడితే సగం పని అయినట్టే. భారతీయ జాతులను 1932-33లో ఐ.ఎం. పూరి వరుస వ్యాసాలలో వర్ణించాడు.

ఆకారం చేతులెత్తేసిన చోట క్రోమోజోములు ఆదుకున్నాయి. ఈగజాతి కీటకాల గ్రంథుల్లో ఉండే భారీ క్రోమోజోములను బాల్బియాని 1881లోనే చూసినా, వాటి విలువ 1933 దాకా తెలియలేదు. నల్ల ఈగల విషయంలో అసలు కథ టొరంటోలో మొదలైంది. క్లాస్ రాత్‌ఫెల్స్, ఆర్.డబ్ల్యు. డన్‌బార్ 1953లో సిములియం విట్టాటం క్రోమోజోముల పటం ప్రచురించారు. పద్ధతి వంటింటి పనంత సులువు: మూడు పాళ్ళు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన కార్నాయ్ ద్రావణంలో డింభకాన్ని వేసి, పట్టు గ్రంథి తీసి, ఫాయిల్‌గెన్ రంగు పట్టించి, గాజుపలకల మధ్య నొక్కాలి. సాధారణంగా మూడు జతల క్రోమోజోములు పట్టీలు పట్టీలుగా పరుచుకుంటాయి. ఏ ముక్క తలకిందులైందో పట్టీల వరుసే చెబుతుంది. ఒకే ఏటిలో పక్కపక్కనే పెరిగే, వేర్వేరు పట్టీల వరుసలున్న రెండు గుంపుల మధ్య సంకరం కనిపించకపోతే అవి వేర్వేరు జాతులు.

ఈ తర్కం ఆఫ్రికాలో అక్కరకొచ్చింది. సిములియం డామ్నోసం నదీ అంధత్వపు పురుగును మోస్తుందని సియెర్రా లియోన్‌లో బ్లాక్‌లాక్ 1926లో చూపాడు. అది ఒకే జాతి అనుకున్నారు. ఉగాండా నమూనాల్లో నాలుగు జాతులున్నాయని డన్‌బార్ 1966లో తేల్చాడు. 1975లో వాజిమేతో కలిసి పశ్చిమ ఆఫ్రికాలో ఎనిమిది జాతులను గుర్తించాడు. ఇప్పుడు డామ్నోసం సమూహంలో 50కి పైగా రూపాలు గుర్తించారు. వాజిమే, డన్‌బార్‌ల పని వచ్చేనాటికి పశ్చిమ ఆఫ్రికాలోని ఏడు దేశాల్లో 1974లో నదీ అంధత్వ నియంత్రణ కార్యక్రమం మొదలై, హెలికాప్టర్లు నదుల్లో టెమెఫోస్ మందు చల్లుతున్నాయి. చూపు పోగొట్టే సవానా జాతులేవో, అడవి జాతులేవో తేల్చింది గ్రంథి క్రోమోజోములే. 1980లో మందుకు లొంగని ఈగలు ఐవరీ కోస్ట్‌లో బయటపడినప్పుడు అవి అడవి జాతులని చెప్పగలిగింది కూడా ఈ పరీక్షతోనే.

ఆ తరువాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి. డామ్నోసం సమూహంలో కొన్ని జాతులను అవి ఇప్పటికీ స్పష్టంగా విడదీయలేకపోతున్నాయి. ఒక్క ముదురు డింభకంలో మొప్ప పోగులూ క్రోమోజోములూ రెండూ దొరుకుతాయి కాబట్టి, సేకరణకు వెళ్ళేవాళ్ళ సంచిలో కార్నాయ్ సీసా ఇంకా ఉంటోంది.