ఫియట్ పోయిన తోవ

2015 అక్టోబరులో మన దేశంలోకి ఒక పొట్టి కారు వచ్చింది. పొడవు నాలుగు మీటర్లకు సెంటీమీటరు తక్కువ. తెల్లదీ నల్లదీ రెండే రంగులు, వాటిమీద ఎర్ర చారలు, ముక్కుమీద తేలు బొమ్మ. బానెట్ కింద 1,368 సీసీ టర్బో పెట్రోలు ఇంజిన్, 145 హార్స్‌పవర్. అప్పట్లో స్విఫ్ట్ పెట్రోలుది 83. అంతకన్నా పెద్ద బండి హోండా సిటీది 117. ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధర రూ.9.95 లక్షలు. పది లక్షల్లోపు ఇంత సత్తా ఉన్న హ్యాచ్‌బ్యాక్ అంతకుముందు ఇక్కడికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

దాని పేరు అబార్త్ పుంటో. కన్నది ఇటలీ కంపెనీ ఫియట్. ఐదేళ్లు నిండకుండానే ఆ కారూ లేదు, మన మార్కెట్లో ఫియట్ అన్న పేరూ లేదు. కార్ల పిచ్చోళ్లు ఇద్దరు చేరినచోట ఇప్పటికీ ఈ ముచ్చట వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట: మనవాళ్లు లీటరుకెంతిస్తుందని తప్ప ఇంకేమీ అడగరు, అందుకే మంచి కారు పోయింది అని. నేనొప్పుకోను. మనవాళ్లు ఫియట్‌కు ఇచ్చినన్ని అవకాశాలు ఇంకే విదేశీ కంపెనీకీ ఇవ్వలేదు.

మా నాన్నల తరానికి కారంటే రెండే రకాలు: అంబాసిడరు, ఫియట్. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసే ఆ ఫియట్‌కు 1974లో పద్మిని అని పేరు పెట్టారు. జనం పట్టించుకోలేదు, ఫియట్ అనే పిలిచారు. స్టీరింగు కిందే గేరు, ముందు సీట్లో ముగ్గురు. టౌన్లో డాక్టరుగారికి అదే, ప్లీడరుగారికి అదే. ఇంత మంచి పేరు పెట్టుబడిగా ఉన్న కంపెనీ 1996లో ఊనో తెచ్చింది. లక్షల్లో బుకింగులు పడ్డాయి. ఈలోగా కుర్లా ఫ్యాక్టరీలో కార్మికుల గొడవ మొదలైంది. డబ్బు కట్టినవాళ్లు కట్టినట్టే కూచున్నారు, బండ్లు మాత్రం చాలామందికి రాలేదు. ఆ మచ్చ ఆ తర్వాత ఎన్ని కార్లొచ్చినా పోలేదు.

అయినా 2001లో పాలియో వస్తే జనం మళ్లీ షోరూమ్‌కు వెళ్లారు. ప్రకటనల్లో సచిన్ టెండూల్కర్. ఆ మరుసటి ఏడాదే సచిన్ బ్రాడ్‌మన్ 29 సెంచరీల లెక్కను అందుకుంటే ఫియట్ వాళ్లు ఫెరారీ బహుమానంగా ఇచ్చారు, దాని దిగుమతి సుంకం గురించి పత్రికలు నెలల తరబడి రాశాయి. ఆ హడావుడిలో అసలు సంగతిని చాలామంది గమనించలేదు. పాలియోలో 1.6 జీటీఎక్స్ అని ఒక రకం ఉండేది. 100 హార్స్‌పవర్. ఊళ్లో సగం జనం మారుతి 800లో తిరుగుతున్న రోజులవి, అందులో 40 కూడా లేదు.

జీటీఎక్స్ తలుపు వేస్తే వచ్చే చప్పుడే వేరు. రేకు మందం, బరువు టన్ను పైమాటే. హైవే మీద 120 దాటాక మిగతా చిన్న కార్లు వణికేవి, ఇది రోడ్డుకు ఇంకా అతుక్కునేది. స్టీరింగు బరువెక్కేది, ఎటు తిప్పితే అటే. మన దేశంలో మామూలు జీతగాడికి అందేంత దూరంలోకి వచ్చిన మొదటి హాట్ హ్యాచ్ అదేనంటాను. కాదనేవాళ్లుంటే వాదనకు సిద్ధమే. దాని జబ్బు కూడా చెప్పాలి. సిటీలో లీటరుకు పది కిలోమీటర్లు రావడం గగనం. 1.2 పాలియోకేమో దాని ఒంటి బరువు లాగే ఓపిక లేదు. మొదటి ఏడాది బాగానే అమ్మారు, తర్వాత అంకెలు జారిపోయాయి.

నడుం విరగ్గొట్టింది మాత్రం 2006 బడ్జెట్. చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపుండాలి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు అని నిర్వచించి, అలాంటివాటికి ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించారు. చిన్న ఒంట్లో పెద్ద గుండె పెట్టడమే హాట్ హ్యాచ్ కిటుకు. సరిగ్గా ఆ పనికే పన్ను పడింది. ఆ రోజు నుంచి ఈ దేశంలో 1.6 పెట్రోలు చిన్న కారు తేవడమంటే తెలిసి తెలిసి నష్టానికి సంతకం పెట్టడమే.

ఇక్కడ కథ ఒక విచిత్రమైన మలుపు తిరుగుతుంది. అదే రోజుల్లో ఫియట్ చేతిలో 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంది. పేరు మల్టీజెట్, పుట్టింది 2003లో. కామన్ రెయిల్ పద్ధతిలో, అంటే డీజిల్‌ను ఒకే గొట్టంలో తీవ్రమైన ఒత్తిడిమీద నిలవచేసి, ఒక్కో విడతనీ చిన్న చిన్న తుంపర్లుగా విడగొట్టి చిమ్మే ఇంజిన్. పాత డీజిళ్ల టకటక బాగా తగ్గింది, మైలేజీ పెరిగింది. నిజానికి కామన్ రెయిల్ మీద కార్ల కోసం ఏళ్ల తరబడి పనిచేసింది ఫియట్ మనుషులే. ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చే డబ్బు చాలక 1994లో దాన్ని బాష్ కంపెనీకి అమ్మేశారు. ఆ తర్వాత దానిమీద లాభం బాష్‌ది. సొంత సొత్తు పరాయి చేతిలో పెట్టడం ఫియట్‌కు అక్కడే అలవాటైంది.

మన దేశంలో మల్టీజెట్‌ను మారుతి తీసుకుంది. 2007 జనవరిలో డీజిల్ స్విఫ్ట్ వస్తే కొనడానికి నెలలకొద్దీ క్యూ కట్టారు. తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా. టాటా వాళ్లు క్వాడ్రాజెట్ అని పేరు మార్చి ఇండికా విస్టాలో, మాంజాలో పెట్టారు. షెవ్రొలే సెయిల్‌లో అదే. ఆఖరికి పాత భాగస్వామి ప్రీమియర్ తెచ్చిన రియోలోనూ అదే. ఆటో పత్రికలు దానికి జాతీయ ఇంజిన్ అని ముద్దుపేరు పెట్టాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట బారులు తీరిన డిజైర్ క్యాబుల్లో ఏళ్ల తరబడి తిరిగింది ఇదే. దత్తత పోయిన కొడుకు పరాయి ఇంట్లో మేడలు కడుతుంటే కన్నవాళ్ల పైకప్పు కారినట్టుంది ఫియట్ వరస.

కన్న ఇంటి సంగతి చూడండి. 2009 జూన్‌లో గ్రాండే పుంటో వచ్చింది. గీసింది జుజారో, ఇరవయ్యో శతాబ్దపు కార్ల రూపశిల్పుల్లో అతన్ని మించినవాడు లేడని నా నమ్మకం. ఈ రోజుకీ రోడ్డుమీద పుంటో పోతే తల తిరుగుతుంది. దాన్ని అమ్మింది టాటా షోరూముల్లో. పూనా దగ్గర రంజన్‌గావ్‌లో ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీ పెట్టుకున్నారు, అమ్మకాలూ సర్వీసూ టాటా చూసుకోవాలని ఒప్పందం. పక్కపక్కనే రెండు కార్లు. ఒకటి పుంటో, ఇంకోటి ఇండికా విస్టా. రెంటిలోనూ అదే డీజిల్ ఇంజిన్. విస్టాలో చోటెక్కువ, ధర తక్కువ, పైగా సొంత సరుకు. సేల్స్‌మన్ వేలు ఎటు చూపిస్తాడో వేరే చెప్పాలా? సర్వీసుకిచ్చిన పుంటోలకు స్పేర్లు వారాలకు గానీ రావన్న పేరు ఊరూరా పాకింది. 2012లో విడిపోయారు. అప్పుడు ఫియట్ సొంత షోరూములు తెరవడం మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు. రీసేల్ విలువ అప్పటికే పాతాళంలో ఉంది. రీసేల్ లేని కారు మధ్యతరగతి ఇంట్లోకి రాదు, ఎంత అందగత్తె అయినా.

ఈ దశలో, అన్ని తలుపులూ మూసుకుపోతుండగా, అబార్త్ పుంటో వచ్చింది. పొయ్యేముందు ఒకసారి ఇష్టమొచ్చినట్టు చేద్దామనుకున్నారేమో.

తేలు గుర్తు వెనక మనిషి కార్లో అబార్త్, వియన్నాలో 1908లో పుట్టాడు. వృశ్చిక రాశివాడు గనక తేలు. 1949లో ఇటలీలో కంపెనీ పెట్టి, ఫియట్ చిన్న కార్లకు సైలెన్సర్లు మార్చి, ఇంజిన్లు పదును పెట్టి రేసుల్లో గెలిపించాడు. 1971లో ఫియట్ ఆ కంపెనీని కొనేసింది. యాభై దాటిన వయసులో రికార్డు కారు ఇరుకు సీట్లో పట్టడం కోసం యాపిల్స్ తిని దాదాపు 30 కిలోలు తగ్గాడని చెప్పుకుంటారు. చిన్న కారుకోసం మనిషే చిక్కిపోయాడన్నమాట.

అబార్త్ పుంటోలో కూచుంటే మొదట చిరాకే. క్లచ్ బరువు. ఎడమకాలు పెట్టుకోవడానికి చోటుండదు, క్లచ్ పెడల్ కింద ముడుచుకోవాలి. వెనక సీట్లో మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. 2,000 ఆర్‌పీఎం లోపు టర్బో నిద్రలో ఉంటుంది, ట్రాఫిక్‌లో ఇదేం స్పోర్ట్స్ కారు అనిపిస్తుంది. రెండో గేరులో ఆ గీత దాటిందా, వీపు సీటుకు అంటుకుంటుంది. 212 న్యూటన్ మీటర్ల టార్క్ ఒక్కసారిగా వచ్చి పడేసరికి ముందు చక్రాలు తత్తరపడతాయి, స్టీరింగు చేతుల్లో కదులుతుంది. హైడ్రాలిక్ స్టీరింగు కదా, రోడ్డు గరుకుదనం అరచేతికి తెలుస్తుంది. ఇప్పటి ఎలక్ట్రిక్ స్టీరింగుల్లో ఆ రుచి లేదు. సున్నా నుంచి వందకు 8.8 సెకన్లని కంపెనీ లెక్క. అంతకన్నా గొప్ప సంగతి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. శ్రీశైలం ఘాట్‌లాంటి మెలికల రోడ్డులో మలుపు మలుపుకీ ధైర్యం పెరిగేది వాటివల్లే. గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లే గనక మన స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం దేవుణ్ణి తలుచుకోవాల్సిందే.

అమ్మకాలు జరగలేదు. 1,368 సీసీ గనక చిన్న కారు పన్ను రాయితీ రాదు. అయినా పది లక్షల్లోపు ఇచ్చారు. కొనాలన్న కోరిక ఉన్నవాడికీ సర్వీసు గుర్తొచ్చి చెయ్యి వెనక్కిపోయింది. ఈలోగా జనం ఎత్తు కార్ల వైపు మళ్లారు. 2017లో రంజన్‌గావ్ ఫ్యాక్టరీ నుంచే జీప్ కంపాస్ వచ్చి హిట్టయింది, ఫియట్ వాళ్లకు పుంటో మీద మనసు పోయింది. 2019లో మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ మొదటి కారుగా తీసింది కూడా సెల్టోస్‌నే, ఎస్‌యూవీనే.

యూరప్‌లో ఇంకా ఘోరం. 2005లో భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న పుంటోను పన్నెండేళ్లు పెద్దగా మార్పుల్లేకుండా అమ్మారు. 2017 డిసెంబరులో యూరో ఎన్‌క్యాప్ మళ్లీ పరీక్షించి సున్నా ఇచ్చింది. ఆ సంస్థ చరిత్రలో సున్నా తెచ్చుకున్న మొదటి కారు అదే. తరవాతి ఏడాది అక్కడా తయారీ ఆగిపోయింది. ఇక్కడ 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చింది. కొత్త కాలుష్య నియమాలకు మల్టీజెట్‌ను మార్చడం గిట్టుబాటు కాదని మారుతి డీజిలే మానేసింది. పుంటో, ఫియట్ సెడాన్ లీనియా, అబార్త్ ఏవీ ఆ గీత దాటలేదు. పరాయి ఇంట పెరిగిన ఇంజిన్, కన్న ఇంట మిగిలిన కార్లు రెండూ గీతకు ఇవతలే పోయాయి.

అదే ఏడాది డిసెంబరులో ఫియట్ మాతృసంస్థ ఫియట్ క్రైస్లర్ హైదరాబాద్‌లో 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం పెడతామని ప్రకటించింది. మన కుర్రాళ్లు ఆ కంపెనీ కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆ కార్లలో ఫియట్ బ్యాడ్జీ ఉన్నది ఒక్కటి కూడా హైదరాబాద్ షోరూముల్లో ఉండదు.

అబార్త్ ఉన్నవాళ్లు అమ్మరు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు హెడ్‌లైట్లు, సస్పెన్షన్ బుష్‌లు వెతికిపెట్టుకుంటారు. ఎవరిదైనా కారు యాక్సిడెంటై పోతే ముందు పరామర్శ, ఆ వెంటనే మొహమాటంగా విడి భాగాల బేరం. తిట్టేవాళ్లూ వాళ్లే, ఫియట్‌ను వాళ్లలా తిట్టేవాళ్లు ఇంకొకరు లేరు.

ఫియట్ ఒక్కటే పోలేదులెండి. బాలెనో ఆర్‌ఎస్, కోయంబత్తూరు జయేం వాళ్లు పదును పెట్టిన టాటా టియాగో జేటీపీ 2020లోనే పోయాయి. 2022లో ఫోక్స్‌వాగన్ పోలో. 2020 తర్వాత వచ్చిన ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ రెండూ 1,200 సీసీ గీత లోపల, 120 హార్స్‌పవర్ దగ్గర ఆగాయి. బాగున్నాయి, తక్కువ చెయ్యను. కానీ ఆ గీత ఇంకా గట్టిపడింది. 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల ప్రకారం గీత లోపలుంటే 18 శాతం, దాటితే 40. అబార్త్ పుంటో ఇప్పుడొస్తే నాలుగు మీటర్ల లోపున్నా పడేది 40 శాతమే.

అసలు సిసలు హాట్ హ్యాచ్ కావాలంటే ఇక దిగుమతే దిక్కు. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐని 2025 మేలో తెచ్చింది, ధర దాదాపు 53 లక్షలు. మొదటి విడత 150 కార్లు, ధర ఎంతో చెప్పకముందే బుక్కయిపోయాయి.