పాట వినేవాళ్ల నుంచి బొమ్మ చూసేవాళ్ల దాకా: జంగఢ్ సింగ్ శ్యామ్ చరిత్ర



మన ఆటపాటలకు ఇప్పుడు చూసేవాళ్లు పెరిగారు. పొద్దున ఆడిన గుస్సాడి సాయంత్రానికల్లా సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. సర్కారు సభల్లో పెద్దలు వేదిక ఎక్కేముందు ఐదు నిమిషాలు మన నృత్యం పెడుతున్నారు. 2021లో గుస్సాడి గురువు కనక రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. ఇదంతా సంతోషమే. అయితే చూసేవాళ్లు మారినప్పుడు కళకు ఏమవుతుంది, కళాకారుడికి ఏమవుతుంది అని కూడా మనం అడగాలి. మధ్యప్రదేశ్‌లోని మన గోండు బంధువులు ఈ ప్రశ్నను నలభై ఏళ్ల కిందటే ఎదుర్కొన్నారు. ఆ చరిత్ర మీరు తెలుసుకోవాలి.

ఆదిలాబాద్ వైపు ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు, పేన్‌ల కథలు పాడడం మీలో చాలామంది విన్నదే. నర్మద ఎగువ ప్రాంతంలో వారిని పర్ధాన్లు అంటారు. అక్కడ వాళ్ల వాయిద్యం బానా. పర్ధాన్ తన గోండు యజమాని ఇంటికి వెళ్లి బడాదేవ్‌ను పిలుస్తూ పాడేవాడు. యజమాని తనకు కలిగింది ఇచ్చి పంపేవాడు. వినేవాళ్లకు ఆ కథ ముందే తెలుసు. ఎక్కడ తప్పినా పట్టుకోగలరు. పాడేవాడిదీ వినేవాడిదీ ఒకే లోకం. కాలం మారి గోండుల చేతుల్లోంచి భూములు పోయాక ఇచ్చే చేయి చిక్కిపోయింది. పాడేవాళ్లలో చాలామంది కూలిపనికి వెళ్లారు. ఆ పర్ధాన్ల గురించి శ్యామరావ్ హివాలే 1946లోనే ఒక పుస్తకం రాశారు.

అలాంటి కుటుంబంలో 1962 ప్రాంతంలో జంగఢ్ సింగ్ శ్యామ్ పుట్టారు. ఊరు పాటన్‌గఢ్. అప్పుడది మండ్లా జిల్లా, ఇప్పుడు డిండోరి జిల్లా. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నారు. అందులోని మ్యూజియం బాధ్యత చిత్రకారుడు జె. స్వామినాథన్‌ది. ఆయన యువ చిత్రకారులను పల్లెలకు పంపారు. పాటన్‌గఢ్‌లో ఒక గోడ మీద బొమ్మ చూసి, వేసింది ఎవరని వాళ్లు అడిగారు. అలా జంగఢ్ భోపాల్ చేరారు.

1982లో భారత్ భవన్ తెరిచారు. స్వామినాథన్ అక్కడ చేసిన పెద్ద పని ఒకటుంది. అంతకుముందు ఆదివాసీ వస్తువులంటే మ్యూజియంలో బాణాలు, కుండల పక్కన ఉండేవి. కింద తెగ పేరు ఉండేది గాని మనిషి పేరు ఉండేది కాదు. భారత్ భవన్‌లో ఆదివాసీల చిత్రాలకు, నగర చిత్రకారుల చిత్రాలకు ఒకే కప్పు కింద చోటు ఇచ్చారు. చూడడానికి వచ్చినవాళ్లు రెండింటినీ ఒకే కన్నుతో చూడాల్సి వచ్చింది.

ఇక్కడ జంగఢ్‌కు ఒక చిక్కు ఎదురైంది. నగరంలో బొమ్మ చూసేవాడికి పర్ధాన్ కథ తెలియదు. పాట వినిపించదు. బడాదేవ్ నల్లమద్ది చెట్టులో ఉంటాడని నమ్మకం, కాని ఆయనకు విగ్రహం లేదు. అందువల్ల అప్పటిదాకా పాటలోనే ఉన్న దేవతలకు జంగఢ్ రూపం కట్టారు. జింకలు, పక్షులు, పాములు, చెట్లు గీసి, లోపలంతా చుక్కలతో, సన్నగీతలతో నింపారు. ఇంటి గోడల మీద వేసే ఢిగ్నా ముగ్గులు, ఒంటి మీది పచ్చబొట్లు ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసినవే. కథ తెలియని కన్ను కూడా ఆ చుక్కల దగ్గర ఆగిపోయేది. ఈ పద్ధతికే ‘జంగఢ్ కలం’ అని పేరు వచ్చింది. భోపాల్‌లోని కొత్త విధాన భవన్ గోడల మీద ఆయన బొమ్మలు వేశారు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ప్రపంచ చిత్రకారుల మధ్య ఆయన పని నిలిచింది.

చేదు సంగతి కూడా చెప్పాలి. 2001లో జంగఢ్ జపాన్‌లోని ఒక మ్యూజియంలో ఉండి బొమ్మలు వేస్తూ, అక్కడే ఆత్మహత్య చేసుకున్నారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. దూరదేశంలో భాష తెలియని చోట ఏ షరతుల మీద పని చేశారని మన దేశ కళాకారులు అప్పట్లో నిలదీశారు. ప్రపంచమంతా బొమ్మను మెచ్చుకున్నా, బొమ్మ వేసినవాడు ఒంటరివాడు కావచ్చు. మీలో ఎవరికైనా అలాంటి ఒంటరితనం కలిగితే లోపల దాచుకోకండి. ఇంట్లోవాళ్లకో, దగ్గరివాళ్లకో వెంటనే చెప్పండి.

జంగఢ్ బతికుండగానే చుట్టాలను భోపాల్ పిలిపించుకొని పని నేర్పారు. వారిలో భజ్జూ శ్యామ్ ఒకరు. భజ్జూ భోపాల్‌లో వాచ్‌మన్‌గా కూడా పనిచేశారు. లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, తిరిగి వచ్చాక ఆ నగరాన్నే గోండు కన్నుతో గీశారు. భూమి కింద నడిచే రైలు ఆయనకు వానపాములా కనిపించింది. పెద్ద గడియారం కోడిపుంజుతో కలిసిపోయింది. రెండూ పొద్దు చెప్పేవే కదా! 2004లో అది పుస్తకమైంది. అంతదాకా మనల్ని చూసి బొమ్మలు వేసినవాళ్లు, ఈసారి మనం వేసిన తమ బొమ్మ చూసుకున్నారు. భజ్జూకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయన’ పేరుతో బొమ్మల పుస్తకంగా వేశారు. 2011లో వచ్చింది. బొమ్మల కథల్లో ఉండే చతురస్రపు గళ్లలో మనుషులను ఇరికించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. ఢిగ్నా ముగ్గుతోనే పేజీని విడదీశారు. మంచి మాటలకు పక్షి ఆకారం ఇచ్చారు, కుట్టే మాటలకు తేలు కొండి పెట్టారు. చదువరి కోసం తమ పద్ధతిని వదులుకోలేదు, చదువరికే నేర్పారు.

మా హాస్టల్ పిల్లలు కూడా ఫోన్‌లో చూసి చుక్కలతో జింకలు గీస్తుంటారు. చెయ్యి బాగుంటుంది. ఆ జింక ఏ కథలోదంటే చెప్పలేరు. జంగఢ్ చుక్కల వెనక పాట ఉంది. మన గోడ మీద చుక్కల వెనక కూడా ఉండాలి. అందుకే అడుగుతున్నాను: ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు కిక్రి పట్టే పెద్దాయన దగ్గర కూర్చోండి. ఒక్క కథ పూర్తిగా విని, ఆయన పేరు, ఊరి పేరు, విన్న తేదీ రాసుకోండి. బొమ్మ గీస్తే మీ పేరు పెట్టండి, కింద కథ చెప్పిన పెద్దాయన పేరూ పెట్టండి. ఎవరైనా మీ ఆటకో, బొమ్మకో పిలిస్తే ఎన్ని రోజులు, ఎంత డబ్బు, తిరుగుప్రయాణం ఎప్పుడు అని ముందే కాగితం మీద రాయించుకోండి. వచ్చే ఏడాది సంచికలో మీరు రాసుకున్న కథలు చదవాలని ఎదురు చూస్తుంటాను.