పావురం సాక్ష్యం చెప్పదు

మా చిన్నతనంలో కొండాపురంలో శ్రీరామనవమి పందిరి వేశారంటే ఆ వారంలో నాటకం వుండి తీరేది. హార్మోనియం పెట్టె ముందురోజే దిగేది. పెట్రోమాక్సు లైట్ల రోజులు అప్పటికే పోయాయి గాని, కరెంటుని నమ్ముకోలేక ఒకటి రెండు సిద్ధంగానే వుంచేవారు. చాపలూ దుప్పట్లూ చంకన పెట్టుకుని, చిన్నపిల్లలం ముందే వెళ్ళి జాగా పట్టుకునేవాళ్ళం. సత్యహరిశ్చంద్ర అయితే కాటి సీను దాకా, కురుక్షేత్రం అయితే రాయబారం దాకా మెలకువగా వుండేదాన్ని. ఆ తర్వాత మా జేజి ఒళ్ళో నిద్ర.

నిద్రపోకుండా చివరిదాకా చూసిన నాటకం మాత్రం ఒక్కటే. సారంగధర.

కథ మీకు తెలిసిందే. తెలియని ఈ కాలపు పిల్లల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. రాజమహేంద్రవరం ఏలే రాజరాజ నరేంద్రుడికి పెద్దభార్య రత్నాంగి. ఆమె కొడుకు సారంగధరుడు. ఆ కొడుక్కి చేసుకుందామనుకున్న చిత్రాంగిని, అందం చూసి మనసు నిలవక, రాజు తానే పెళ్ళాడాడు. ఒకనాడు సారంగధరుడు ఎగరేసిన పావురం పోయి చిత్రాంగి మేడ మీద వాలింది. దానికోసం అతను వెళ్ళాడు. ఆమె మనసు విప్పింది. అతను అమ్మా అని దణ్ణం పెట్టి బయటపడ్డాడు. అవమానం పట్టలేక ఆమె నేరం తిప్పి అతని మీద వేసింది. రాజు విన్నాడు, కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు.

ఆ రాత్రి చాప చుట్టుకుని ఇంటికొస్తూ ఆడవాళ్ళందరూ చిత్రాంగిని తిట్టారు. మా జేజి ఒక్కతే వేరే మాట అంది. "ఆయమ్మ సంగతి అట్లుండనీండి. ఆయప్ప కొడుకును పిలిచి ఒక్క మాట అడిగుంటే పోయేది గదా! అడగడానికి ఏమొచ్చె?"

ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దానికోసమే.

ముందు చరిత్ర సంగతి తేల్చుకుందాం. రాజరాజ నరేంద్రుడు నిజంగా వున్నవాడే. పదకొండో శతాబ్దంలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుడు. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన పుణ్యాత్ముడు. ఆయన రాణి అమ్మంగదేవి, రాజేంద్రచోళుని కూతురు, అంటే సొంత మేనమామ కూతురే. వాళ్ళ కొడుకు కాళ్ళూ చేతులూ చక్కగానే వుండి, 1070లో చోళ సింహాసనమెక్కి, కులోత్తుంగ చోళుడనే పేరుతో సుమారు 50 ఏళ్ళు రాజ్యం చేశాడు. శాసనాల్లో సారంగధరుడూ లేడు, చిత్రాంగీ లేదు. ఆ మాటకొస్తే ఆ రాజుని జీవితమంతా పీడించిన ఈర్ష్య వేరే వుంది. సవతి తమ్ముడు విజయాదిత్యుడు సింహాసనం కోసం ఆయనతో మళ్ళీ మళ్ళీ పోరాడాడు. అది ఆస్తి తగాదా. ఇలాంటి తగాదాలు మన జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరి ఈ కథ ఎక్కణ్ణించి వచ్చింది? పదిహేనో శతాబ్దంలో గౌరన రాసిన నవనాథ చరిత్రలో సారంగధరుడున్నాడు. కాని అక్కడ అతనిది మాళవదేశం. నరికిన అవయవాలు సిద్ధుడి దయవల్ల తిరిగి వచ్చి, అతను చౌరంగి అనే యోగి అవుతాడు. పంజాబులో పూరన్ భగత్ కథా ఇదే, అక్కడి సవతితల్లి పేరు లూణా. పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానంలో వున్న చేమకూర వెంకటకవి కావ్యం రాసేనాటికి కథ గోదావరి ఒడ్డుకు చేరి రాజరాజ నరేంద్రుడి మెడకు చుట్టుకుంది. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట అని ఈనాటికీ చూపిస్తారు. పాపం, భారతం రాయించిన రాజు కొడుకుని నరికించినవాడిగా జనం నోట మిగిలిపోయాడు!

ఇలాంటి కథ ఒక్క మనకే కాదు. క్రీస్తుకు పూర్వం 428లో ఏథెన్సులో యూరిపిడీస్ ఆడించిన హిప్పొలిటస్ నాటకం చూడండి. సవతితల్లి ఫీద్రా, కొడుకు హిప్పొలిటస్, తండ్రి థీసియస్. ఆమె చచ్చిపోతూ రాసిపెట్టిన అబద్ధం చదివి తండ్రి కొడుకుని శపిస్తాడు. మన అశోకుడి కొడుకు కునాలుడి కళ్ళు పోయిన బౌద్ధకథలోనూ తిష్యరక్షిత అనే సవతితల్లే వుంది. దేశాలు వేరు, దేవుళ్ళు వేరు, నిందలో పడ్డ ఆడది మాత్రం ఒకటే. కథ చెప్పినవాళ్ళు ఎప్పుడూ ఆమెనే చూపించారు. పక్కన నిలబడ్డ మొగుణ్ణి చూడమని మా జేజి చెప్పింది.

ఆయన్ని కాస్త దగ్గరగా చూద్దాం. కొడుక్కి రావలసిన పిల్లని తండ్రి తెచ్చుకున్నాడు. ఆ సంగతి ఊరికి తెలుసు, కొడుక్కి తెలుసు, అందరికంటే బాగా తనకు తెలుసు. అద్దంలో తల నెరుస్తోంది, పక్క మేడలో కొడుకు మీసం నల్లబడుతోంది. అలాంటి మనిషికి చిత్రాంగి కొత్తగా చెప్పిందేముంది? పెళ్ళినాటి నుంచి తనలో తాను చెప్పుకుంటున్న మాటనే ఆమె పైకి అంది. దొంగసొమ్ము ఇంట్లో దాచుకున్నవాడికి రాత్రి ఆకు కదిలినా ఉలుకే. నరేంద్రుడి ఈర్ష్యకి మూలం కొడుకు చేసిన తప్పు కాదు, తాను చేసింది. అందుకే అడగలేదు. అడిగితే కొడుకు నోట ఆ మొదటి తప్పు వినవలసి వస్తుంది కదా!

షేక్‌స్పియర్ ఒథెల్లోని కళాశాలలో పాఠంగా చదివినప్పుడు నాకు ఈ నాటకమే గుర్తొచ్చింది. 1604లో ఇంగ్లండు రాజు ముందు ఆడిన నాటకం అది. వెనిస్ నగర సేనాని ఒథెల్లో, రంగు వేరు, జాతి వేరు. డెస్డిమోనా తండ్రిని కాదని అతన్ని పెళ్ళాడింది. ఇంత అందగత్తె నన్నెందుకు చేసుకుందన్న గుబులు అతనిలో ఏ మూలో వుంది. ఇయాగో దాన్ని పట్టుకున్నాడు. తనకు రావలసిన పదవి కాసియోకి పోయిందని కుళ్ళిపోతున్నవాడు ఇయాగో. తన కుళ్ళుని ఎదుటివాడి చెవిలో అనుమానంగా పోశాడు. ఒక చేతిరుమాలు దొరికింది. చాలు, భార్య గొంతు నొక్కడానికి అంతకంటే ఏం కావాలి?

అక్కడ చేతిరుమాలు, ఇక్కడ పావురం. పావురం చిత్రాంగి మేడమీద వాలింది నిజం. సారంగధరుడు వెళ్ళిందీ నిజం. జరిగినవన్నీ నిజాలే, తేల్చిన తీర్పే అబద్ధం.

ఇక్కడ మన భాషలో ఒక విచిత్రం చెప్పాలి. తర్కశాస్త్రంలో అనుమానం అంటే తిట్టు కాదు, గౌరవమైన ప్రమాణం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. ఆ పెద్దలే తప్పు హేతువులకు హేత్వాభాసలని పేరుపెట్టి, అయిదు రకాలుగా విడదీసి, జాగ్రత్త నాయనా అని హెచ్చరించారు. అంత శాస్త్రీయమైన మాటని మనం ఇంట్లోకి తెచ్చుకుని ఏం చేశామో చూడండి. "ఆయనకి అనుమానం" అన్నామంటే ఇంకేమీ వివరించనక్కర్లేదు. తార్కికుడు పొగని చూసి నిప్పుని ఊహిస్తాడు. అనుమానపు మొగుడు కడుపులో నిప్పు పెట్టుకుని ఊరంతా పొగ వెతుకుతాడు.

ఈ కథకి తెలుగు రంగస్థలం మీద అసలు రూపం ఇచ్చినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టారు. బళ్ళారిలో వకీలుగా స్థిరపడి, సరసవినోదినీ సభ స్థాపించి, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్నారు. మా కొండాపురంలో రైలెక్కి గుంతకల్లులో బండి మారితే బళ్ళారి. ఆ దారిలోనే తాడిపత్రి. ఆచార్యులవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టిన ఊరు అదే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది గాని, అంతకుముందు మనకూ వాళ్ళకూ ఒకే రాజధాని, మద్రాసు.

ఆచార్యులవారు తన నాటకానికి విషాద సారంగధర అని పేరుపెట్టారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా అది పేరుపొందింది. ఇది చిన్న సాహసం కాదు. నాటకం మంగళంగా ముగియాలన్నది మన సంప్రదాయం. దుర్యోధనుడి చావుతో ముగిసే భాసుని ఊరుభంగం వుంది కదా అంటారేమో, భాసుని నాటకాలు 1909 తర్వాతే బయటపడ్డాయి. అప్పటికి సారంగధరుడి విషాదం ఆంధ్రదేశమంతా తెలిసినదే. పాత కథలో సిద్ధుడు వచ్చి కాళ్ళూ చేతులూ ఇచ్చేసేవాడు, జనం గోవిందా అని ఇళ్ళకు పోయేవారు. ఆచార్యులవారు ఆ ఊరట ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో నాకు తోచింది చెబుతాను. తెగిన చేతులు మళ్ళీ మొలిస్తే రాజు చేసిన పనికి లెక్క ఏముంది? కొడుకు బాగానే వున్నాడు కదా అని తండ్రి ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. చూసినవాడూ అంతే. దేవుడు సర్దిపెట్టే కథలో ఈర్ష్య ఒక తాత్కాలికమైన జ్వరం. ఎవరూ సర్దిపెట్టని కథలో అది హత్య.

స్థానం నరసింహారావుగారు చిత్రాంగి వేషానికి పెట్టింది పేరు. 1957లో సినిమా వచ్చినప్పుడు చిత్రాంగి భానుమతి, రాజు ఎస్.వి. రంగారావు, సారంగధరుడు ఎన్.టి. రామారావు. తరతరాలుగా చిత్రాంగి వేషానికే చప్పట్లు, చిత్రాంగికే శాపనార్థాలు. ఆమె చేసింది ఒప్పని నేననను. అబద్ధమాడి ఒక మనిషిని చంపించింది. కాని ఒకరికని చెప్పి మరొకరికి కట్టబెట్టినప్పుడు ఆమెనీ ఎవరూ అడగలేదన్నది మరిచిపోకూడదు. ఆ ఇంట్లో అడిగే అలవాటే లేదు.

చివరగా ఆ రాత్రి నాటకం సంగతి ఒకటి మిగిలింది. రాజు వేషం వేసింది మా వీధి మనిషే. గొంతు బాగుండేది. నిజం తెలిసి కొడుకు మీద పడి ఏడ్చే సీనులో జనం చేత రెండుసార్లు వన్స్‌మోర్ కొట్టించుకున్నాడు. మేమంతా వెక్కివెక్కి ఏడ్చాం. అతని భార్య మాత్రం నాటకానికి రాలేదు. తెల్లవారుజామున వాళ్ళ ఇంటిమీదుగా వస్తుంటే తలుపుకి బయట తాళం వేసి వుంది. చేనికి పోయినా, సంతకు పోయినా అతను అలా బయట తాళం వేసే పోయేవాడు. వీధి మొత్తానికి తెలుసు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, మొగుడూ పెళ్ళాల సంగతి మనకెందుకని.

మా జేజి ఆ గుమ్మం ముందు ఆగింది. లోపల గాజుల చప్పుడైంది, మేలుకునే వుందన్నమాట. "అమ్మీ, నీళ్ళున్నాయా లోపల?" అని అడిగింది. వున్నాయి జేజీ అని సమాధానం వచ్చింది. ఆ తెల్లారి జేజి నేరుగా అతని దగ్గరికి పోయి, రంగు ఇంకా కడుక్కోని ఆ మొహం మీదే అడిగింది. "రాత్రి కొడుకు కోసం అంత ఏడిస్తివే, ఈ తాళం ఎవురి కోసం నాయనా?"

అతను ఏం చెప్పాడో నాకు తెలియదు, నన్ను అవతలికి పంపేశారు. తాళం ఆ రోజే పోయిందని చెబితే అబద్ధం. కాని ఆ తర్వాత వీధిలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. మరుసటి యేడు ఉగాదికి ఆమె గుడి దగ్గర కనబడింది.

ఇప్పుడు కొండాపురం చుట్టుపక్కల ఊళ్ళు ఎన్నో గండికోట జలాశయం నీళ్ళలో మునిగాయి. వీధులు పోయాయి, గుమ్మాలు పోయాయి. ఆ తాళాలు మాత్రం పోలేదు. ఇప్పుడవి ఫోను నంబర్ల మీదా, ఇంటికొచ్చే వేళల మీదా పడుతున్నాయి. పావురం ఎక్కడ వాలిందో లెక్కపెట్టే మొగుళ్ళు పట్నాల్లోనూ వున్నారు. పావురం ఎప్పుడూ సాక్ష్యం చెప్పదు, మనుషుల్నే అడగాలి. మొగుడు అడగకపోతే వీధయినా అడగాలి.