గోదావరి దాటిన కోతి: పట్టి వదిలేస్తే అయిపోతుందా?

మొన్న కోరుట్ల పోయినప్పుడు మా పెద్దనాయన ఒక మాట అన్నడు. "మక్క పెట్టుడు బంద్ చేసినం రా, మనం పండించుడు, కోతులు తినుడు అయితంది." పక్క చేనాయన కొండెంగ బొమ్మతో ఫ్లెక్సీ కట్టిండు. రెండు రోజులు కోతులు దూరంగా ఉన్నాయట, మూడో రోజు ఆ ఫ్లెక్సీ మీదే ఎక్కి కూర్చున్నాయట. నవ్వొస్తుంది కానీ, ఒక ఇంటి పంటే మారిపోయింది కదా. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒక విషయం. మనం కోతి అని పిలిచేది ఒక్క జాతి కాదు. దక్షిణాదిది బానెట్ మకాక్. నెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టు, బాగా పొడుగు తోక. రెండోది ఉత్తరాది రీసస్ మకాక్. పొట్టి తోక, వెనుక భాగం ఎర్రగా ఉంటుంది. ఈ రెండింటికీ పాత సరిహద్దు ఏందో తెలుసా? పడమర తపతి నది, తూర్పున మన గోదావరి! స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు లెండి. కానీ ధర్మపురి ఘాట్ మీద నిలబడితే, మీరు నిలబడ్డది ఆ సరిహద్దు మీదే.

ఆ గీత ఇప్పుడు చెరిగిపోతోంది. రీసస్ కిందికి దిగుతోంది, బానెట్ వెనక్కి తగ్గుతోంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చెప్పింది. ఇప్పుడు బానెట్ ఐయూసీఎన్ లెక్కలో ముప్పున్న జాతి.

రీసస్ కథ పెద్దదే. 1950లలో పోలియో వ్యాక్సిన్ కోసం మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా కోతులను విదేశాలకు పంపారు. ఆయుధ పరీక్షలకు కూడా వాడుతున్నారని బయటపడ్డాక మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఎగుమతి ఆపేసింది. అందుకే కోతులు పెరిగాయంటారు కొందరు. అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. అడవి తగ్గింది, గుట్ట మీద గుడి దగ్గర, రోడ్డు పక్కన మనమే తిండి పెట్టాం. ఇంకొకటి, ఒక ఊళ్ళో పట్టి ఇంకో ఊరి పక్కన వదిలాం.

ఈ చివరిదే అసలు సమస్య. వ్యాన్‌లో నింపి, రాత్రి పూట ఏదో అడవి అంచున తలుపు తీస్తే దాన్ని "అడవిలో వదిలాం" అంటున్నాం. గుంపు చీలిపోతుంది, పిల్ల ఒక దిక్కు, తల్లి ఒక దిక్కు. నీళ్లెక్కడో, తిండెక్కడో తెలియని కోతి దగ్గర్లో కనిపించిన ఊరికే వస్తుంది. తల్లి లేని పిల్లను జాలితో ఇంట్లో పాల సీసాతో పెంచితే ఇంకో తిప్పలు. అది మనుషులనే గుంపు అనుకుంటుంది. పెద్దయ్యాక కరుస్తుంది. అప్పుడు అడవికీ పనికిరాదు, ఇంటికీ పనికిరాదు. అందుకే తెలిసినవాళ్లు అనాథ పిల్లలను ముందు ఒకదానితో ఒకటి కలిపి గుంపు కడతారు, మనుషులను దూరం పెడతారు, ఆ తర్వాతే వదులుతారు.

సరిగ్గా చేస్తే ఏమవుతుందో 1997లో బృందావనంలో తెలిసింది. దాదాపు 600 కోతులను గుంపులుగానే పట్టి, ఎనిమిది అడవి ప్రాంతాలకు తరలించారు. నాలుగేళ్ల తర్వాత పోయి చూస్తే అక్కడే స్థిరపడి ఉన్నాయి.

మనకు దగ్గర్లో ఉన్నది నిర్మల్ దగ్గర చించోలి సెంటర్. 2020 డిసెంబర్ 20న మొదలైంది, హిమాచల్ తర్వాత దేశంలో రెండోది. కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, కోలుకున్నాక అడవికి పంపడం దాని పని. మంచి పనే, కానీ ఆపరేషన్ అయిన కోతి కూడా మక్క తింటుంది! ఇరవై ఏళ్లకు పైగా బతకగల జంతువు అది. ఆడకోతుల్లో ఎక్కువ భాగానికి చేస్తేనే సంఖ్య తగ్గుతుంది, అది కూడా ఏళ్ల తర్వాత. మా పెద్దనాయనకు ఈ వానాకాలంలో ఉపయోగం లేదు.

నా భయం ఇంకొకటి. నిర్మల్ గోదావరికి అవతల ఉంది. జగిత్యాల, సిరిసిల్ల ఇవతల. ఇక్కడ పట్టిన బానెట్‌ను అక్కడ, అక్కడి రీసస్‌ను ఇక్కడ వదిలితే ఆ గీతను మనమే చెరిపినట్టు. పైగా 2022 సవరణతో రీసస్‌ను వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్ల నుంచి తీసేశారు, బానెట్‌కు రక్షణ ఉంది. అంటే బోనులో ఉన్నది ఏ కోతో చూడకుండా పని మొదలుపెట్టకూడదు.

ఈసారి కొండగట్టుకో ధర్మపురికో పోయినప్పుడు అరటిపండు ఇవ్వకండి, తోక చూడండి. పొడుగా, పొట్టా?