కరక్కాయ: మందుల డబ్బా నుంచి కలంకారీ దాకా

కరక్కాయ అనగానే మనలో చాలామందికి దగ్గే గుర్తొస్తుంది. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని ఆ రసం మింగమనేవారు అమ్మమ్మలు. ఉసిరికాయ, తానికాయ కలిపితే త్రిఫల చూర్ణం. మలబద్ధకానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం కరక్కాయ తినకూడదని ఆయుర్వేదమే చెబుతుంది. చూర్ణం అమ్మే సభ్యులు ఈ మాట కొనేవాళ్లకి తప్పకుండా చెప్పాలి.

ఇదే కాయ లేకపోతే కలంకారీ లేదు. శ్రీకాళహస్తిలో కోరా గుడ్డని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండబట్టి గీసిన గీత పక్కకి పాకదు. ఇంకోపక్క తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. దాన్నే కసిమి అంటారు. కలంతో గీసినప్పుడు కసిమి లేతగానే ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ వగరు తగిలి, చూస్తుండగానే నల్లబడుతుంది. అదే గుడ్డ మీద పటిక రాసి చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు. నలుపైనా ఎరుపైనా ముందు కరక్కాయ పడాల్సిందే.

ఈ అద్దకాల కోసమే ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. పర్షియాకి, ఐరోపాకి ఓడల్లో వెళ్లాయి మన గుడ్డలు. తర్వాత 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తారులోంచి ఊదా రంగు తీశాడు. 1868లో జర్మన్లు చిరివేరులో ఉండే ఎరుపునే మందులతో తయారు చేశారు. మన అద్దకంవాళ్ల పని పడిపోయింది. కరక్కాయ గిరాకీ మాత్రం పడిపోలేదు. తోళ్లు ఊనడానికి ఓడలకెత్తి సీమకి పట్టుకెళ్లారు. అంటే పనితనానికి డబ్బు రాలేదు, పచ్చి సరుకుకే వచ్చింది. ఏరినవాళ్లకి ఎంత దక్కిందో ఊహించుకోండి!

1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోబట్టి శ్రీకాళహస్తి కలంకారీ మళ్లీ నిలబడింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొంటోంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డలకి యాజమాన్య హక్కే ఇచ్చింది. అయినా మన అక్కచెల్లెళ్లు ఇప్పటికీ కాయని కాయగానే తూకం వేసి ఇచ్చేస్తున్నారు. మందుకైనా రంగుకైనా వాడేది పైపెచ్చే. కాయని బాగా ఎండబెట్టి, దంచి గింజ తీసేసి, పెచ్చు పొడి కొట్టడానికి రోలు, జల్లెడ చాలు. కాయలు తడిమీద బస్తాకెత్తితే బూజు పడతాయి, ఆ సరుకు వైద్యుడూ కొనడు, అద్దకంవాడూ కొనడు.