మొదట కొనాల్సింది రెండు సైన్యాలు
(తమ్ముడి ఆటలో నాకు దొరికిన చరిత్ర)

మా తమ్ముడికి ఎనిమిదేళ్లు. వాడు ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. నేను తెలుగు మీడియంలో పదో తరగతి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ వాడికి తెలుగు చదవడం రాదు. వాడి బడిలో ఇంగ్లీషు, కన్నడ ఉన్నాయి, తెలుగు లేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో రోజుకొక పేజీ అక్షరాలు దిద్దిద్దామని వాణ్ణి కూర్చోబెట్టాను. మూడో రోజుకే పలకను మంచం కింద దాచేశాడు. నేనూ విసిగిపోయి వదిలేశాను. ఈ వ్యాసం చరిత్ర గురించే. అయినా ఆ పలక సంగతి ముందు చెప్పాలి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

దసరా సెలవుల్లో వాడు ఒక స్నేహితుడి పుట్టినరోజుకు పోయొచ్చాడు. వాళ్ల ఇంట్లో బల్లమీద యుద్ధం చూశాడంట. బొటనవేలంత సైనికులు, ప్రతి ఒక్కరికీ రంగులు, గడ్డి, గోడలు, పాచికలు. టేపుతో కొలిచి సైనికుల్ని జరుపుతున్నారంట. రాత్రంతా అదే మాట. "అక్కా, మనం కూడా కొందామక్కా." నాయన ఫోన్‌లో దాని ధర చూశాడు. చూసి ఏమీ అనకుండా ఫోన్ పక్కన పెట్టాడు. ఆయన ఆటో నడుపుతాడు. ఆ మౌనం నాకు అర్థమైంది. నా హుండీలో 600 రూపాయలున్నాయి. "నేను కొనిస్తాలేరా" అనేశాను.

అనేశాను గానీ మొదట ఏం కొనాలో నాకే తెలీదు. సోషల్ సార్‌ను అడిగితే ఆయన నవ్వి, "ముందు ఆ ఆట ఎట్లా పుట్టిందో చూడమ్మా. మొదట ఏం కొనాలో అదే చెప్తుంది" అన్నారు. అట్లా మొదలైంది ఈ వెతుకులాట.

బల్లమీద సైన్యాలతో ఆడే ఆట మన దేశానికి కొత్త కాదు. చదరంగం అసలు పేరు చతురంగం. సైన్యానికి నాలుగు అంగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు. ఈ నాలుగింటినీ చిన్న బొమ్మలుగా చేసి పట మీద నిలబెట్టిన ఆట అది. ఏడో శతాబ్దంలో బాణభట్టుడు రాసిన హర్షచరిత్రలో దీని ప్రస్తావన ఉంది. హర్షుడి రాజ్యంలో చతురంగ బలాలు మోహరించేది ఆట పట మీద మాత్రమే అన్న అర్థంలో ఆయన రాశాడు. అంటే నిజం యుద్ధాలు లేవని రాజును పొగడడం. అది పొగడ్తే కావచ్చు. కానీ యుద్ధం బల్లమీద ఉంటేనే మేలు అన్న ఆలోచన అప్పటికే ఉందని నాకు అనిపించింది.

మన దగ్గర నుంచి ఈ ఆట పర్షియాకు పోయింది. అక్కడ చత్రంగ్ అన్నారు. అరబ్బులు షత్రంజ్ అన్నారు. అక్కడ నుంచి యూరప్ చేరింది. పోతూ పోతూ బొమ్మలు వేషం మార్చుకున్నాయి. షత్రంజ్‌లో రాజుకు దగ్గరగా నిలబడిన ఏనుగు యూరప్‌లో క్రైస్తవ మతగురువైన బిషప్ అయ్యింది. స్పానిష్ భాషలో మాత్రం ఆ పావును ఇప్పటికీ అల్ఫిల్ అంటారు. అరబ్బీలో అల్ ఫీల్ అంటే ఏనుగే. 1831లో స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవిలో వాల్రస్ దంతంతో చెక్కిన పాత పావులు బయటపడ్డాయి. అవి 12వ శతాబ్దానివి అంటారు. వాటిలో రాజులు, రాణులు, బిషప్పులు ఉన్నారు, ఏనుగు లేదు. ఏనుగును చూడని ఊళ్లో ఏనుగును ఎట్లా చెక్కుతారు? తమకు తెలిసిన మనుషుల్నే చెక్కుకున్నారు.

మన కర్ణాటకలో కూడా ఈ ఆటల పిచ్చి ఉన్న రాజు ఒకాయన ఉన్నాడు. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794-1868). పట మీద ఆడే ఆటలు ఎన్నో ఆయన తయారు చేయించాడు. చదరంగం గుర్రాన్ని ఏ గడిలోనూ రెండోసారి పెట్టకుండా 64 గళ్లూ తిప్పే లెక్కల్లో కూడా ఆయన దిట్ట. ఇది తమ్ముడికి చెబితే వెంటనే చదరంగం పట తెచ్చి గుర్రాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై గళ్ల దగ్గర ఇరుక్కుపోయాడు.

చదరంగంలో గళ్లుంటాయి. తమ్ముడు చూసిన ఆటలో గళ్లు లేవు. ఆ గళ్లు ఎట్లా పోయాయి? 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు చదరంగాన్ని పెద్దది చేసి, గళ్లకు రంగులు వేసి, ఇది కొండ, ఇది నది అని ఆడించాడు. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకు ఒక బల్లనే చేసిచ్చాడు. కొండలు, నదులు ముక్కలుగా ఉంటాయి, కావలసినట్టు అమర్చుకోవచ్చు. 1824లో ఆయన కొడుకు ఆ ఆటకు నియమాల పుస్తకం వేశాడు. అందులో గళ్లుండవు, మ్యాపు ఉంటుంది. దూరం కొలబద్దతో కొలవాలి. ఎవరికెంత దెబ్బ తగిలిందో పాచికలు చెబుతాయి. తగవు తీర్చడానికి మధ్యవర్తి ఉంటాడు. ప్రష్యా సైన్యంలో అధికారులకు దీనితోనే శిక్షణ ఇచ్చారు.

పిల్లల ఆటగా మారడానికి ఇంకో కారణం కావలసి వచ్చింది, అది ధర. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల డొల్లగా ఉండే సీసం సైనికుల్ని పోతపోసింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, బయటి పొర గట్టిపడగానే మిగిలింది వంచేస్తారు. లోహం తక్కువ పడుతుంది, బొమ్మ తేలికగా ఉంటుంది, ధర తగ్గుతుంది. అప్పుడు మామూలు ఇళ్ల పిల్లలకూ సైన్యాలు అందాయి. (సీసం విషమని, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమని మనకు ఇప్పుడు తెలుసు. అందుకే ఇప్పుడు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి.)

ఆ బొమ్మలతో ఆడుకున్న ఒక పెద్దాయన హెచ్.జి. వెల్స్. కాలయంత్రం కథ రాసిన రచయితే. 1913లో ఆయన 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకంలో ఇంట్లో నేలమీద ఆడుకునే నియమాలు రాశాడు. ఇది మగపిల్లల ఆటని, కొంచెం తెలివైన ఆడపిల్లలు కూడా ఆడొచ్చని పుస్తకం పేరు కిందే రాసుకున్నాడు. నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ పుస్తకం చివర ఆయన చెప్పిన సంగతి నచ్చింది. యుద్ధం ఎంత మొద్దు పనో ఈ చిన్న ఆట ఆడితే తెలుస్తుందని, ఆ సరదా ఉన్నవాళ్లు ఇట్లా బొమ్మలతో తీర్చుకోవాలని ఆయన అభిప్రాయం. బాణభట్టుడి మాటే మళ్లీ విన్నట్టుంది. ఆ మరుసటి ఏడాది, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది.

ఆ యుద్ధం మన బెంగళూరుకు దూరం కాదు. మైసూరు సంస్థానపు గుర్రపు దళం మైసూరు లాన్సర్స్ అందులో పోరాడింది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న దళాల్లో వాళ్లున్నారు. జె.సి. నగర్‌లో వాళ్ల స్మారక స్తంభం ఉంది. నాయన ఒక ఆదివారం ఆటోలో మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. తమ్ముడు స్తంభం చుట్టూ తిరిగొచ్చి, "పడిపోయినోళ్లను మళ్లీ నిలబెట్టడానికి కాదు కదా అక్కా" అన్నాడు. "కాదురా" అన్నాను. ఇంకేం చెప్పాలో నాకు తెలీలేదు.

ఇంత చదివాక కూడా నా 600తో ఏం కొనాలో తేలలేదు. అది తేల్చింది మా అవ్వ. అవ్వ పెళ్లికి వాళ్లమ్మ ఒక రాజు, ఒక రాణి చెక్కబొమ్మలు ఇచ్చిందంట. ఇక్కడ వాటిని పట్టద గొంబె అంటారు. ఆ జతతోనే అవ్వ దసరా కొలువు మొదలుపెట్టింది. తర్వాత ఏడాదికొకటి, రెండేళ్లకొకటి చేర్చింది. ఇప్పుడు ఐదు మెట్లు నిండుతాయి. "ఒకేసారి అన్నీ కొంటే అది అంగడి అయితాది అమ్మీ, కొలువు కాదు. ముందు జత కొను" అంది. అప్పుడు నాకు వెలిగింది. చదరంగంలోనూ, రైస్విట్జ్ బల్లమీదా, వెల్స్ నేలమీదా ముందుగా కావలసింది ఒక్కటే: ఎదురెదురుగా నిలబడే రెండు పక్షాలు. తమ్ముడికి ఒక పెద్ద సైన్యం కొంటే వాడు ఒక్కడే చూసుకుంటాడు. రెండు చిన్న సైన్యాలు కొంటే ఇద్దరం ఆడతాం.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె. అంటే శెనక్కాయల జాతర. అవ్వ, నేను, తమ్ముడు బస్సులో పోయాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి వాడికి ఒక్కడికే టికెట్టు. బొమ్మల అంగళ్ల దగ్గర నేను ముందే తప్పు చేశాను. అంబారీ ఉన్న చెక్క ఏనుగు చూసి ముచ్చటపడి 250 ఇచ్చేశాను. అది మిగతా బొమ్మల పక్కన కొండలా ఉంది. పైగా అంత అందమైనదాన్ని యుద్ధానికి పంపడానికి తమ్ముడు ఒప్పుకోలేదు. అది ఇప్పుడు అవ్వ కొలువు పెట్టెలో ఉంది.

రెండోసారి తమ్ముణ్ణే ఎంచుకోమన్నాను. వాడు చన్నపట్న రకం చిన్న చెక్కమనుషుల దగ్గర ఆగాడు. ఒక్కొక్కటి 20 రూపాయలు. చేతులు లేవు, కాళ్లు లేవు, గుండ్రటి తల, నున్నటి ఒళ్లు. చన్నపట్నలో ఆలె చెక్కను తరిమెన మీద తిప్పుతూ, లక్క రంగు అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మన ఏటికొప్పాక బొమ్మలూ ఇదే జాతి చెక్కతో చేస్తారు, మన వైపు దాన్ని అంకుడు కర్ర అంటారు. ఎర్రవి ఆరు, పచ్చవి ఆరు తీసుకున్నాం. 240 అయ్యింది. రెండు పాచికలు 20. మిగిలిన 90లో ఒక సేరు శెనక్కాయలు కొని తింటూ వచ్చాం.

ఇంటికొచ్చాక అట్టముక్కలతో గోడలు, పాత నీలం రవిక గుడ్డతో చెరువు చేశాం. బంటు ఒక జాన, గుర్రం రెండు జానలు జరగొచ్చని నియమం పెట్టాను. మొదటి ఆటలోనే గొడవ. నా జాన పెద్దది, వాడి జాన చిన్నది! వాడు ఏడ్చి బొమ్మలన్నీ తోసేశాడు. తప్పు నాదే. రైస్విట్జ్ కొలబద్ద ఎందుకు పెట్టాడో, మధ్యవర్తి ఎందుకున్నాడో అప్పుడు అర్థమైంది. నియమాల వెనక ఎక్కడో ఒక గొడవ ఉండే ఉంటుంది. ఇద్దరికీ ఒకటే స్కేలు పెట్టాం. అవ్వను మధ్యవర్తిని చేశాం.

నియమాలు నేను చిన్న అట్టలమీద తెలుగులో రాశాను. ఇంగ్లీషులో ఎందుకు రాయలేదంటే, అవ్వ చదవాలి కదా, ఆమె మధ్యవర్తి. మూడు రోజులు తమ్ముడు "ఇదేంటి, ఇదేంటి" అని ప్రతిదీ అడిగాడు. నాలుగో రోజు అవ్వ కళ్లద్దాలు కనపడలేదు. అట్ట ఎవరు చదవాలి? నేను ఓడిపోతున్నాను, నన్ను నమ్మడు. వాడే అట్ట తీసుకుని వేలు పెట్టి "గు...ర్రం... ఇర...వై... సెంటీ..." అని కూడబలుక్కున్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను. చదవడం అయిపోయాక వాడు తలెత్తి చూడలేదు, నా బంటును పడగొట్టడంలో మునిగిపోయాడు.

పలకతో రాని అక్షరం ఓడిపోతామన్న భయంతో వచ్చింది. ఇప్పుడు వాడి గుర్రం అట్టమీద వాడే 'మెరపు' అని పేరు రాసుకున్నాడు. మెరుపు అని దిద్దలేదు, దాన్ని అట్లాగే ఉంచాను.

ఇంట్లో చిన్నపిల్లలున్న అక్కలకు, అన్నలకు, అమ్మానాన్నలకు నాకు తెలిసింది చెబుతాను. మొదట అందమైనది కాదు, ఆడడానికి పనికొచ్చేది కొనండి. ఒక పెద్ద సైన్యం కాదు, సమానంగా రెండు చిన్నవి కొనండి. ఎంచుకోవడం పిల్లలకే వదలండి. పెట్టె పెద్దది కానక్కరలేదు, ఎదురుగా కూర్చునే మనిషి ఉండాలి. నియమాలు మన భాషలో రాయండి.

వచ్చే దసరాకు మా పన్నెండు మందీ అవ్వ కొలువులో కింది మెట్టు మీద నిలబడతారు. ఎర్రవాళ్లు, పచ్చవాళ్లు కలిసే, ఏనుగు వెనకాల. అందాకా ఆదివారాలు మా ఇంట్లో యుద్ధం ఉంటుంది. సాయంత్రానికి పడినవాళ్లందరినీ లేపి పెట్టెలో పడుకోబెడతాం. ఆ పని తమ్ముడే చేస్తాడు, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి.