సూరత్‌లో గుర్రాల పోషణ: మేత, ఖర్చు

సూరత్‌లో గుర్రం ఎక్కువగా పెళ్లిళ్ల మీద బతుకుతుంది. గుజరాతీలు వరఘోడో అని పిలిచే పెళ్లి ఊరేగింపులో వరుడు గుర్రమెక్కి పెళ్లిపందిరికి వస్తాడు. దీనికోసమే నగరంలో గుర్రాలు పెంచే కుటుంబాలున్నాయి. డుమస్ సముద్రతీరంలో సవారీలకు తిప్పేవాళ్లు కొందరు, శివార్లలోని తోటల్లో సరదాకు పెంచుకునేవాళ్లు మరికొందరు. పెళ్లిగుర్రం లగ్గాలున్న రోజుల్లోనే సంపాదిస్తుంది, తిండి మాత్రం ఏడాది పొడుగునా తింటుంది. లెక్క అంతా ఈ తేడాలోనే ఉంది.

ఈ ప్రాంతంలో పేరున్న జాతులు కాఠియావాడీ, మార్వాడీ. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేలా ఉండడం రెండింటికీ గుర్తు. కాఠియావాడీలో ఆ వంపు మరీ ఎక్కువ. తాపీ నది ఎగువన, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా సారంగఖేడాలో దత్త జయంతికి జరిగే గుర్రాల సంత సూరత్‌కు అందుబాటులో ఉన్న పెద్ద అంగడి. ధర వేలల్లో మొదలై లక్షలు దాటుతుంది. సూరత్ జిల్లా ఓల్పాడ్‌లోని సకాబ్ అనే గుర్రానికి 2 కోట్ల రూపాయలు ఇస్తామన్నా యజమాని అమ్మలేదని పత్రికల్లో వచ్చింది. అలాంటివి కబుర్లకే పనికొస్తాయి, కొనబోయేవాడి లెక్కకు కాదు. బతికున్న గుర్రాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

మేత

గుర్రం ఆవులా నెమరు వేయదు. దాని కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. గడ్డిలోని పీచు పెద్దపేగులో పులిసి అరుగుతుంది. తిన్నా తినకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది; దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే పొద్దునా సాయంత్రం రెండు పూటలా కడుపునిండా దాణా పెట్టి, మధ్యలో ఖాళీగా కట్టేయడం కన్నా చెడ్డ పద్ధతి లేదు. కడుపులో పుళ్లు, శూలనొప్పి, గిట్టల వాపు చాలావరకు అలా వచ్చేవే.

రోజుకు ఒంటి బరువులో 1.5 నుంచి 2.5 శాతం ఎండు పదార్థం కావాలి. అందులో గడ్డీ చొప్పా ముందు, దాణా తర్వాత. తెలుగునాట గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు పెట్టడం పాత అలవాటు. గుజరాత్‌లో శనగలు, సజ్జలు, బార్లీ వాడతారు. మేతలో అక్కడివాళ్లు కడబ్ అనేది ఎండు జొన్నచొప్పను, రజకో అనేది లూసర్న్ గడ్డిని. గోధుమ తవుడు ఎక్కువైతే భాస్వరం పెరిగి ఎముకల్లోని సున్నం తగ్గుతుంది. లూసర్న్‌లో సున్నం ఎక్కువ కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది. దక్షిణ గుజరాత్‌లో వరి విరివిగా పండుతుంది గనుక వరిగడ్డి సులువుగా దొరుకుతుంది. కానీ అందులో సారం తక్కువ, అదొక్కటే మేపితే పేగుల్లో అడ్డుపడుతుంది. పశువుల దాణా, కోళ్ల దాణా అసలు పెట్టకూడదు. వాటిలో కలిపే మొనెన్సిన్ కొద్ది మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. మేత మార్చాలంటే వారం, పది రోజులు కొద్దికొద్దిగా మార్చాలి. నీళ్లు రోజుకు 25 నుంచి 45 లీటర్లు తాగుతుంది. ఎండాకాలంలో చెమటతో పోయే ఉప్పునూ భర్తీ చేయాలి.

ఖర్చు

350 కిలోల గుర్రానికి రోజుకు చొప్ప 6 కిలోలు, పచ్చి లూసర్న్ 5 కిలోలు, దాణా 2 కిలోలు పెడతామనుకుందాం. కిలో చొప్ప 12, లూసర్న్ 5, దాణా 45 రూపాయల చొప్పున రోజుకు 187, నెలకు సుమారు 5,600 రూపాయలు. కరవు ఏడాదిలో చొప్ప ధర ఒక్కటే ఈ లెక్కను తలకిందులు చేయగలదు. అయినా నగరంలో మేత కన్నా బరువైనది మనిషి కూలి. ఒక్క గుర్రానికి ఒక సాయీసును, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, పెట్టుకుంటే అతని జీతమే మేత ఖర్చును దాటిపోతుంది. అందుకే పెళ్లిగుర్రాలవాళ్లు నాలుగైదింటిని ఒకే లాయంలో కట్టి, ఇంటిల్లిపాదీ చాకిరీ చేస్తారు. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించి నాడాలు మార్చాలి. నులిపురుగుల మందు, ధనుర్వాతం టీకా, ఏడాదికోసారి పళ్లు అరగదీయించడం వేరే.

ఆదాయం మాత్రం ముహూర్తాలను బట్టే. డిసెంబరు మధ్య నుంచి ఉత్తరాయణం దాకా కమూర్తాలు, అంటే మన శూన్యమాసం లాంటివి. వానాకాలంలో చాతుర్మాసం. ఆ నెలల్లో పెళ్లిళ్లుండవు, బాడుగా ఉండదు. అసలే సూరత్ వానలు గుర్రానికి గడ్డుకాలం. తడి నేలలో గిట్టలు కుళ్లుతాయి, నిల్వ చొప్ప బూజు పడుతుంది, జోరీగల వల్ల సర్రా రోగం వ్యాపిస్తుంది.

గ్లాండర్స్ అంతకన్నా భయంకరమైనది. మనుషులకూ సోకే ఈ బాక్టీరియా రోగానికి టీకా లేదు. రక్తపరీక్షలో రోగం ఉందని తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపాల్సిందే. 2023 జనవరిలో సూరత్ లాల్ దర్వాజా ప్రాంతంలో రోగం బయటపడి గుర్రాలను ఇంజెక్షన్లతో చంపేశారు. సంతలో కొన్న గుర్రాన్ని పరీక్ష ఫలితం వచ్చేదాకా పాతవాటికి దూరంగా కట్టి, దానికి వేరే బకెట్లు, వేరే మేత తొట్టి వాడాలి.